అరుగు, అరుగుదల

మోకాళ్ల నొప్పులని మా వైపు ఏ డాక్టరు గడప తొక్కినా వినపడేది ఒకటే మాట. "గుజ్జు అరిగిపోయిందమ్మా." ఏలూరులో అదే, తాడేపల్లిగూడెంలో అదే, భీమడోలు సెంటర్లో మందుల షాపతను చెప్పేదీ అదే. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నా ధ్యాస ముందు మాట మీదికే పోతుంది. మనకి అరుగులు రెండు. ఇంటి ముందు నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకునే అరుగు ఒకటి, వాడగా వాడగా అరిగిపోయే అరుగు ఇంకొకటి. మొదటి దాని మీద కూర్చునే యోగం మా అమ్మమ్మకి గానీ, వయసులో ఉన్నప్పుడు మా అమ్మకి గానీ లేదు. కూలి డబ్బుల కోసం వెళ్తే అరుగు కిందే నిలబడాలి. రెండోది మాత్రం ఇద్దరికీ దక్కింది.

పోయిన భాగంలో కొల్లేటి వైపు రొయ్యల షెడ్లలో ఆడవాళ్ల గురించి రాస్తే చాలామంది "మా అమ్మకీ మోకాళ్లే" అని ఇన్‌బాక్స్‌లో రాశారు. కాబట్టి ఈసారి మోకాలే. నా పేరు ముందున్న డాక్టరు తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీది. "అమ్మ మోకాలికి పనికిరాని డాక్టరుగిరీ ఎందుకే" అని మా పేటలో పెద్దమ్మలు నవ్వుతారు. అయినా ఏడాదిన్నరగా అమ్మని తీసుకుని తిరిగాను, ఫిజియోథెరపీ చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను, దొరికింది చదివాను. రాసేది అందులోంచే.

మా ఊరు కొల్లేటి అంచున. అమ్మ పన్నెండో ఏట ఊడ్పులకి దిగింది. ఊడ్పులంటే నడుం నొప్పే అనుకుంటారు చూసేవాళ్లు. నడుం వంచి వెనక్కి వెనక్కి నడవాలి, ప్రతి అడుగునీ బురదలోంచి పీక్కోవాలి. పాదం బురదలో పట్టేసి ఉంటుంది, ఒళ్లు పక్కకి తిరుగుతుంది, ఆ తిప్పుడంతా మోకాలి మీదే పడుతుంది. తర్వాత గొంతుక్కూర్చుని కలుపు. తర్వాత కోత, మోత. చేలు చేపల చెరువులయ్యాక ఊడ్పులు తగ్గాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చేశారు కదా, ఆ గట్ల మీద కూలి చేసుకునేవాళ్ల సంగతి ఎవరూ రాసుకోలేదు. ఆ తర్వాత అమ్మ రొయ్యల షెడ్డుకి మారింది. తడి సిమెంటు మీద, ఐసు నీళ్లలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి రొయ్య తల తీయడం. గొంతుక్కూర్చుని చేసే పనులకీ, బరువులు మోసే పనులకీ మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌తో సంబంధం ఉందని వైద్యశాస్త్రం ఎప్పటి నుంచో చెప్తోంది. మాకు మాత్రం "బరువు తగ్గమ్మా, కింద కూర్చోకు, రెస్టు తీసుకో" అని చెప్తారు. ఆ మూడిట్లో ఏది అమ్మ చేతిలో ఉందో చెప్పినవాళ్లు లేరు.

ఈ గుజ్జు సంగతి కొంచెం చెప్పుకోవాలి. తొడ ఎముక చివరా, కాలి ఎముక పైనా, చిప్ప వెనకా నున్నటి పొర ఉంటుంది. మృదులాస్థి అని పాఠ్యపుస్తకాల మాట. ఇది బండికి వేసే గ్రీజు లాంటిది కాదు, పోస్తే నిండేదీ కాదు. ఇంకో విచిత్రం, ఈ పొరలో నరాలు లేవు. అంటే అరిగిన పొర తనంతట తాను నొప్పెట్టదు. నొప్పి దాని కింది ఎముకలోంచి, కీలు లోపలి పొర వాపులోంచి, బిగుసుకున్న సంచిలోంచి, బలం పోయిన తొడ కండలోంచి వస్తుంది. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఎక్స్‌రే చూసి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడులు పెట్టారు. మన రిపోర్టుల్లో గ్రేడ్ త్రీ, గ్రేడ్ ఫోర్ అని రాసేది అదే. కానీ ఎక్స్‌రేలో నాలుగో గ్రేడు ఉన్నావిడ సంతకి నడిచి పోవచ్చు, రెండో గ్రేడు ఉన్నావిడ మంచం దిగలేకపోవచ్చు. ఫిల్మును లైటుకి పెట్టి "అయిపోయింది" అన్నంత మాత్రాన అయిపోదు. ఎముకల మధ్య సందు తిరిగి రాదు గానీ, బిగుసుకున్నది సడలుతుంది, బలం పోయిన కండకి బలం వస్తుంది. చేతి వైద్యానికి చోటు అక్కడే.

ముందు ఏలూరులో ఒక ప్రైవేటు సెంటరుకి తీసుకెళ్లాను. చీటీ రాసేటప్పుడు ఊరు అడిగారు, ఊళ్లో ఎక్కడ అని కూడా అడిగారు. మోకాలికి పేట పేరుతో పనేమిటో. పది రోజులు, పది సిట్టింగులు. రోజూ ఒక కుర్రాడు వచ్చి రెండు ప్యాడ్లు అంటించి, మిషను నొక్కి, ఫోను చూసుకుంటూ వెళ్లిపోయేవాడు. గంట మోగితే వచ్చి పీకేసేవాడు. పది రోజుల్లో ఒక్కసారి కూడా ఎవరూ అమ్మ మోకాలి మీద చెయ్యి వెయ్యలేదు. అది ఎంత వంగుతుందో, ఎక్కడ పట్టేస్తుందో చూడలేదు. ఇది కులమేనా అని మీరు అడుగుతారు. పక్క మంచం మీద మెడలో కాసులపేరుతో ఉన్న పెద్దావిడకీ అవే ప్యాడ్లు, అదే కుర్రాడు. కాబట్టి కులమని నేను రాయను. ఒక మనిషి ఆరు మంచాలు చూసుకోవాలంటే మిషనే దారి, అది వాళ్ల వ్యాపారం. కాకపోతే ఆ పెద్దావిడ "చెయ్యి పెట్టి చూడవేం బాబూ" అని కసిరింది. మా అమ్మకి అలా అడగొచ్చని తోచలేదు. ముట్టుకోకపోవడం ఆమెకి వింతగా అనిపించలేదు.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఒక ఉత్తరం సంగతి రాశారు. అది 1929 డిసెంబరు 12న యంగ్ ఇండియాలో వచ్చింది. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు, ఆయన భార్య బాలింత, జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలితే, వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. చంటిబిడ్డతో సహా ఆమెని బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటర్ని ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకి, భర్త భార్యకి. చూసుకున్నాక మళ్లీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు. తర్వాత మళ్లీ రానన్నాడు. ఆమె చనిపోయింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు "ఎప్పటి మాటో మేడమ్" అంటారు. ఎప్పటి మాటే. అయితే నేను చూసేది థర్మామీటరు వెళ్లిన దారిని. వైద్యం అందినట్టే ఉంటుంది, పరికరం ఒంటిని తాకుతుంది, చెయ్యి తాకదు.

అసలు మన పల్లెల్లో ముట్టుకోవడం ఎప్పుడూ పూర్తిగా నిషేధం కాదు. మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్దిళ్ల కాన్పులు ఆమే చేసింది. తల్లి కడుపు మీద ఆమె చేతులే, బయటికొచ్చిన బిడ్డని మొదట పట్టుకున్నవీ ఆమె చేతులే. పురుడు తేలాక అవే చేతులకి చేటలో బియ్యం ఎత్తున పోసేవారు, తగలకుండా. మా చేతులు వాళ్ల అవసరానికి వెళ్లొచ్చు, వాళ్ల చేతులు మా అవసరానికి రాకూడదు. లెక్క అంతే. ఈ లెక్క తెలిసినవాళ్లకి, మోకాలికి చేతి వైద్యం అనే మాట ఒక్క వైద్యం మాటగా వినపడదు.

తాడేపల్లిగూడెంలో నాతోపాటు పనిచేసే ఆవిడ చెప్తే ఒక ఫిజియో దగ్గరికి వెళ్లాం. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి ఆ అమ్మాయికి. (2022 ఏప్రిల్ 4 నుంచి మా ఊరు ఏలూరు జిల్లా, గూడెం పశ్చిమ గోదావరి. "మోకాలి కోసం జిల్లా దాటతన్నా" అని అమ్మ అందరికీ చెప్పుకుంది.) ఆ అమ్మాయి మొదటి రోజు మిషను జోలికే పోలేదు. నడిపించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. కోణం కొలిచే స్కేలు పెట్టి చూసింది. కుడి మోకాలు 95 డిగ్రీలు మాత్రమే మడత పడుతోంది, నిటారుగా చాపడానికి ఇంకా 10 డిగ్రీలు తక్కువ. ఆ పది డిగ్రీలే పెద్ద శత్రువులని చెప్పింది. మోకాలు పూర్తిగా చాపలేని మనిషి నిలబడినంతసేపూ తొడ కండ పనిచేస్తూనే ఉండాలి, ఒక్క క్షణం విశ్రాంతి లేదు. షెడ్డులో పదేళ్లు అలాగే నిలబడింది అమ్మ.

తర్వాత అడిగింది: "ఏ పని చెయ్యలేకపోతున్నందుకు మీకు ఎక్కువ బాధగా ఉందమ్మా?"

షెడ్డు పనో, మరుగుదొడ్డో చెప్తుందనుకున్నాను. అమ్మ "మోకాళ్లూనలేకపోతన్నానమ్మా. ఆదివారం ప్రార్థనకి అందరూ మోకరిస్తే నేనొక్కదాన్నే బల్ల మీద కూకుంటన్నా" అంది. నేను చర్చికి పోవడం మానేసి పదేళ్లు దాటింది. మోకరిల్లడం అనే మాటకి తెలుగులో లొంగిపోవడమనే అర్థమే ముందు తగులుతుంది. సభల్లో నేనే ఎన్నిసార్లో "మోకరిల్లం" అని గొంతెత్తాను. అమ్మకి అది వేరే సంగతి. ఆ అమ్మాయి దాన్నే కాగితం మీద రాసుకుంది, గమ్యం అని.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఆమె ఎత్తుపీట వేసుకుని కూర్చుని అమ్మ మడమని తన ఒళ్లో పెట్టుకుంది. అమ్మ చటుక్కున కాలు లాక్కుంది. "అయ్యో వద్దు తల్లీ, చదువుకున్నదానివి, నా కాళ్లు నీ ఒళ్లో ఏంటి." ఆ అమ్మాయి నవ్వి మళ్లీ పెట్టుకుంది. ఈసారి లాక్కోలేదు గానీ తొడ దగ్గర్నుంచి పాదం దాకా కాలు కర్రలా బిగబట్టేసింది. "వదిలెయ్యండమ్మా, బరువంతా నాకు ఇచ్చెయ్యండి" అంటే ఇంకా బిగబట్టింది. చేతి వైద్యంలో ఇది చిన్న విషయం కాదు. కండ బిగిసి ఉంటే లోపల కీలు కదలదు, ఫిజియో ఎంత నేర్పరి అయినా కండతో కుస్తీ తప్ప మిగిలేది లేదు. మొదటి రెండు సిట్టింగులూ ఆ బిగువు సడలడానికే పోయాయి. ఎవరి ఒళ్లోనో తన బరువు పెట్టడం అమ్మకి అరవై ఏళ్ల తర్వాత నేర్చుకోవాల్సి వచ్చింది.

చేసిన పద్ధతులు చెప్తాను, ఎందుకంటే "ఫిజియో అంటే కరెంటు పెట్టడమేగా" అనేవాళ్లు ఎక్కువ. మొదటిది చిప్ప. మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్టపెట్టి, చిప్పని బొటనవేళ్లతో పైకీ కిందికీ లోపలికీ బయటికీ మెల్లగా జరపడం. బాగున్న మోకాల్లో చిప్ప తడి సబ్బుబిళ్లలా జారుతుంది. అమ్మది సిమెంటులో పాతినట్టుంది. రెండోది కాలి ఎముక. మోకాలు మడత పడాలంటే కాలి ఎముక తొడ ఎముక మీద దొర్లితే చాలదు, కాస్త వెనక్కి జారాలి. ఆ జారుడు పోయిన కాలిని బలవంతాన మడిస్తే, సందులో గులకరాయి ఉండగా తలుపు మూసినట్టే. అందుకని పడుకోబెట్టి, మోకాలు కాస్త మడిచి, పాదం కదలకుండా ఆనుకుని, పిక్క పైభాగాన్ని రెండు చేతులా పట్టి ఎముకని వెనక్కి నెడతారు. చాపుడు రావాలంటే అదే ఎముకని ముందుకి. ఈ ఊపుల్ని ఆస్ట్రేలియా ఫిజియో జెఫ్రీ మైట్లాండ్ నాలుగు మెట్లుగా విడదీశాడు. మొదటి రెండూ బిగువు తగలకముందే ఆగిపోయే మెత్తటి ఊపులు, నొప్పి తగ్గించడానికి. మూడు, నాలుగు బిగువు దాకా వెళ్లేవి, అక్కడ పట్టేసినదాన్ని సడలించడానికి. నొప్పితో వచ్చిన మనిషికి మొదటి రోజే నాలుగో మెట్టు ఎక్కించేవాళ్ల దగ్గర జాగ్రత్త.

నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్ ఫిజియో బ్రయన్ ముల్లిగన్ పద్ధతి. ఇందులో కదిలేది పేషెంటే. ఫిజియో కాలి ఎముకని కొంచెం పక్కకి జరిపి, లేదా కొంచెం తిప్పి పట్టుకుంటే, మోకాలు మడిచేది అమ్మ. నొప్పి రాకూడదన్నది నియమం. వస్తే పట్టు మార్చాలి, దిశ మార్చాలి, అప్పటికీ వస్తే ఆ పట్టు వదిలెయ్యాలి. అందుకని అస్తమానం "నొప్పి ఉందామ్మా" అని అడుగుతూనే ఉండాలి. మా అమ్మని ఆమె జీవితంలో ఎవరూ ఒక గంటలో అన్నిసార్లు ఆ ప్రశ్న అడిగి ఉండరు. అమ్మ ప్రతిసారీ "లేదమ్మా" అనేది, మర్యాదకి. ఆ అమ్మాయి రెండో రోజుకే కనిపెట్టి మాట వినడం మానేసింది, కాలి వేళ్లు చూడటం మొదలెట్టింది. వేళ్లు ముడుచుకుంటే నొప్పి ఉన్నట్టు.

ఇదంతా పనిచేస్తుందా? 2000లో అమెరికాలోని టెక్సాస్‌లో గెయిల్ డైల్ బృందం చేసిన పరిశోధన ఒకటుంది. 83 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు చేతి వైద్యం, వ్యాయామం. రెండో గుంపుకి ఉత్తుత్తి వైద్యం. ఆ ఉత్తుత్తి వైద్యం ఏమిటో తెలుసా? పనిచెయ్యనంత తక్కువలో పెట్టిన అల్ట్రాసౌండ్ మిషను. ఎనిమిదో వారానికి మొదటి గుంపులో నొప్పి, బిగుతు, పనులు కలిపి కొలిచే స్కోరు సగానికి పైగా మెరుగైంది. ఏడాది తిరిగేసరికి మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ గుంపులో 5 శాతం, మిషను గుంపులో 20 శాతం. 2020లో 156 మందితో ఇంకొకటి, ఈసారి పోటీ స్టెరాయిడ్ ఇంజెక్షనుతో. 240 మార్కుల బాధ కొలతలో ఏడాది తర్వాత ఇంజెక్షను వాళ్లు 55.8 దగ్గరుంటే ఫిజియోథెరపీ వాళ్లు 37 దగ్గరున్నారు. మా దగ్గర మోకాల్లో సూది వేయించుకోవడానికి బంగారం కుదువ పెట్టినవాళ్లున్నారు, వాళ్ల కోసం ఈ అంకె.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మందుల షాపతనూ ఒకటే. ఆ రెండు పరిశోధనల్లోనూ చేతి వైద్యంతోపాటు వ్యాయామం ఉంది. ఘనత ఎక్కువ భాగం వ్యాయామానిదేనని అనేవాళ్లున్నారు. అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019లో ఒక్క వ్యాయామం కంటే దానికి చేతి వైద్యం కలిపితే అదనపు లాభం తేలలేదని, కలపడాన్ని సిఫారసు చెయ్యలేదు. బ్రిటన్ వాళ్లు 2022లో వ్యాయామంతో కలిపితేనే ఆలోచించమన్నారు. మా అమ్మ విషయంలో నేను చూసింది చెప్తాను. ఏలూరులో ఆమెకి వ్యాయామాల కాగితం ఇచ్చారు, బొమ్మలతో సహా. ఇంటికొచ్చి దాన్ని బైబిలులో పెట్టుకుంది, ఒక్కటీ చెయ్యలేదు. వంగని మోకాల్ని, నొప్పెడుతున్న మోకాల్ని, ఒంటరిగా ఎవరు వంచుతారు? గూడెంలో ఒక చెయ్యి పట్టుకుని వంచాక "ఓహో, ఇది వంగుద్దే" అంది. ఇంటికొచ్చి తనే చేసింది. తొడ కండ బిగించి పదంకెలు లెక్కపెట్టడం, కాలు నిటారుగా ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. పదంకెలకి బదులు కీర్తనలో ఒక చరణం పాడేది, లెక్క సరిపోయేది.

ఎనిమిది సిట్టింగుల తర్వాత మడత 95 నుంచి 112కి వచ్చింది, చాపుడులో లోటు 10 నుంచి 4కి దిగింది. పూర్తిగా మడమల మీద కూర్చోవడం రాలేదు, ఇక రాదు కూడా. బొంత నాలుగు మడతలేసి, బల్ల అంచు పట్టుకుని నిటారుగా మోకాళ్లూనడం వచ్చింది. వెస్ట్రన్ కమోడు కట్టించలేం కాబట్టి నేల దొడ్డి మీద వేసుకునే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొన్నాం. షెడ్డు పనికి మళ్లీ వెళ్లలేదు, వెళ్లనివ్వలేదు.

ఈ ఎనిమిది సిట్టింగులకి డబ్బు నా జీతంలోంచి పోయింది. రోజుకి రెండువైపులా ఆటో, బస్సు, నాకు సగం రోజు సెలవు. మా పేటలో నెల జీతం వచ్చే ఇళ్లు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి. మోకాళ్లు పట్టుకుని లేచే ఆడవాళ్లు ఇంటికొకరు. చేతి వైద్యం మిషను లాగా ఆరు మంచాలకి పంచలేరు, ఒక మనిషికి అరగంట ఒక మనిషి చెయ్యి కావాల్సిందే. అందుకే అది డబ్బున్నవాళ్ల దగ్గర ఆగిపోతుంది. పీహెచ్‌సీలో వారానికి ఒక్కరోజైనా ఫిజియో కూర్చోవాలని అర్జీ రాశాం, 43 మంది వేలిముద్రలూ సంతకాలతో. అర్జీ భాష నేనే దిద్దాను. "మోకాళ్ల నొప్పులతో బాధపడుచున్నాము" అని మొదలెడితే పెద్దమ్మ ఒకావిడ ఒప్పుకోలేదు. "మీ చేలల్లో అరిగిన మోకాళ్లు" అని రాయమంది. అలాగే రాశాను.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటి ముందు ఏడెనిమిది మంది కుర్చీలేసుకుని కూర్చుంటారు. నేను కీలు జరపడం లాంటివి చెయ్యను, అది చదువుకున్నవాళ్ల పని. కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, తొడ కండ బిగించడం, కాలెత్తడం మాత్రం చేయిస్తాను, చరణాలు అమ్మ అందుకుంటుంది. జ్వరంతో మోకాలు ఎర్రగా వాచినా, పడిపోయాక కాలు మోపలేకపోయినా వ్యాయామం వద్దని, ముందు ఆసుపత్రికని గూడెం అమ్మాయి గట్టిగా చెప్పింది. పోయిన వారం కొత్తగా ఒకావిడ వచ్చింది, షెడ్డు నుంచి. మోకాలు నొప్పి అంది. చూస్తే ఎడమ పిక్క ఒక్కటే వాచి, వేడిగా, బిగుతుగా ఉంది. అది మోకాలి సంగతి కాదు, రక్తనాళంలో గడ్డ కట్టినా అలాగే ఉంటుంది, పిసకకూడదు. ఆవిడ అప్పటికే ఇంట్లో కొబ్బరినూనె రాయించుకుని వచ్చింది, నన్ను కూడా రుద్దమంది. రుద్దలేదు. అమ్మ చీరమార్చుకుని వచ్చింది, ముగ్గురం ఏలూరు బస్సెక్కాం.